దేకుతాండాడంట!

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఆ మనిషిని తప్ప తక్కిన అందరినీ అడిగేవారు. ‘ఆ రోజుల్లో’ అన్నానని ఏ తాతల కాలమో అనుకునేరు. రాష్ట్రం రెండైన కొత్తల్లోని మాట. అందరి జేబుల్లోనూ సెల్‌ఫోన్లు ఉన్నాయి. అయినా పెండ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతే: వీధిలో ఎవరో ఒకరిని ఆరా తీయడం, వాళ్ళు చెప్పినదానికి చివర ‘అంట’ తగిలించి ఇంటికి మోసుకుపోవడం. నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పని చేసేవాణ్ణి. బస్తా మీద ఏం రాసి ఉన్నా, లోపలి పొడిని పరీక్షించేదాకా నమ్మకుండా ఉండటానికే నాకు జీతమిచ్చేవారు. అలాంటివాడి పెండ్లి ఒక్క ‘అంట’ చేతికి చిక్కి గిలగిల్లాడింది. కాబట్టి ఏది రూఢి, ఏది విన్న మాట అన్నది ముందే వేరుచేసి పెడతాను. మా అమ్మ ఫోనులో మాట్లాడింది నా చెవులతో విన్నాను, అది రూఢి. పులివెందులలో జరిగింది కళ్ళతో చూశాను, కాళ్ళతో అనుభవించాను. అది ఇంకా రూఢి. మా పక్కనున్న టైలర్ మామ దుకాణంలో నడిచిన సంభాషణ మాత్రం విన్న మాటే. మాట్లాడుకున్న ఇద్దరూ తర్వాత విడివిడిగా చెప్పిన దాంట్లో పొసగిన మేరకే దాన్ని ఇక్కడ వాడుకుంటున్నాను.

ఇంతటికీ మూలం ‘దేకు’ అన్న చిన్న మాట. కాళ్ళు సాయం రానప్పుడు, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే చేతులు నేలకు ఆనించి ఒంటిని ముందుకు జరుపుకుంటూ పోవడాన్ని దేకడం అంటారు. నడక రాని పసిబిడ్డ దేకుతుంది. మోకాళ్ళు అరిగిపోయిన ముసలమ్మ దేకుతుంది. ఇది అసలు అర్థం. దీని మీద మా ఇళ్ళల్లో ఒక ఎత్తిపొడుపు అర్థం మొలిచింది: పని ముందుకు సాగకపోతే దేకుతోంది, బండి ఎత్తు ఎక్కలేకపోతే దేకుతోంది, మనిషి పొద్దున్నే లేవలేక మంచానికి అంటుకుపోతే వాడూ దేకుతున్నాడు. ఇవి చాలవన్నట్టు మూడోది ఉర్దూ నుంచి వచ్చి చేరింది. ఆ భాషలో దేఖ్ అంటే చూడు. మా వీధిలో సగం ఇళ్ళు ముస్లిం కుటుంబాలవి కనుక, ‘వాడు నా దిక్కు దేకనే లేదు’ అంటే ‘చూడనే లేదు’ అని మాకు వేరే చెప్పనక్కరలేదు. ఈ మూడు అర్థాలూ ఒకే వీధిలో ఒకే పూట తిరుగుతూ ఉండేవి. వాటి మధ్య ఎవరైనా తడబడ్డారని అంతకు ముందు నేను వినలేదు. (వినకపోవడం జరగకపోవడానికి రుజువు కాదని నాకు తెలుసు.)

సంబంధం పులివెందులది. పిల్ల తండ్రికి ఊరి బయట లింగాల దారిలో చీనీ (బత్తాయి) తోట, అందులోనే మిద్దె ఇల్లూ ఉన్నాయి. ఫోటో వచ్చింది. స్టూడియోలో తీసింది కాదు. తోటలో, కళ్ళలోకి ఎండ కొడుతుంటే, కనుబొమలు ముడిచి, ‘తీసింది చాలు, ఇంక పో’ అన్నట్టు నిలబడిన ఫోటో. ఒక్క ఫోటోను పట్టుకుని మనిషి గురించి ఏ నిర్ణయానికీ రాకూడదని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ రోజు ప్రయోగశాలలో తూకం వేసిన పొడినే మళ్ళీ మళ్ళీ తూచి, తూచిన ప్రతిసారీ కొత్త బరువు రాసుకున్నాను! ఈ సంబంధం తప్పిపోతే మరొకటి వస్తుందని అమ్మ అనేది. మరొకటి వస్తుందేమో, కనుబొమలు అలా ముడిచే మరొకరు ఉన్నారనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఇక మేము పంపిన నా ఫోటో సంగతి: స్టూడియో ఆయన నన్ను సింహాసనం లాంటి కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ దగ్గర కత్తిరించి ఇచ్చాడు. నాకు పాదాలు ఉన్నాయనడానికి ఆ ఫోటోలో ఏ సాక్ష్యమూ లేదు. తర్వాత అది కూడా నా మీదికే వచ్చింది.

పిల్ల మేనమామది జమ్మలమడుగు. ఆరా తీయడానికి ఆయన ఒక పొద్దు ప్రొద్దుటూరు వచ్చి, చల్లగా టైలర్ మామ దుకాణంలో కూర్చున్నాడు. టైలర్ మామ ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడతాడు. మిషను తొక్కుతున్నప్పుడు మాత్రం రెండూ కలిపే కుట్టేస్తాడు. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు, నా మేలు కోరినవాడు. 

“ఏమప్పా, ఆ పక్కింటి పిల్లోడు ఎట్లాంటోడు?” అని అడిగాడట జమ్మలమడుగాయన.

“బంగారం మామా! తాగడు, పేకాడడు. పాపం, శానా దినాల నుంచి దేకుతానే ఉండాడు.”

“దేకుతాండాడా?”

“అవ్ మామా. ఆదివారం వస్తే సాలు, అమ్మా కొడుకూ ఇద్దరూ కూచ్చోని దేకేదే పని.”

జమ్మలమడుగాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడట. “మరి, యాడన్నా చూపిచ్చినారా?”

“ఎందుకు సూపియ్యలేదు మామా! కడపలో సూపిచ్చినారు, రాజంపేటలో సూపిచ్చినారు, ఆకరికి తిరుపతిలో గూడా సూపిచ్చినారు. ఎవరూ సరేననలేదు. ఇంక ఆ దేవుడే సూడల్ల!”

టైలర్ మామ చెప్పింది పిల్లను వెతకడం గురించి, పెండ్లిచూపుల గురించి. జమ్మలమడుగాయన విన్నది కాళ్ళ గురించి, ఆసుపత్రుల గురించి. ఇద్దరిలో ఒక్కరూ అబద్ధమాడలేదు, ఒక్కరూ తప్పు వినలేదు. ఇద్దరూ నా మీద జాలితో విడిపోయారు.

ఆ సాయంత్రమే పిల్ల తండ్రి మా అమ్మకు ఫోను చేశాడు. అమ్మకు ఫోనంటే స్పీకరులో పెట్టి మాట్లాడటమే. నేను పక్కనే సంగటి ముద్దలో గుంట చేసుకుని చారు పోసుకుంటున్నాను.

“అమ్మా, తప్పుగా అనుకోగాకండి. దాపరికం లేకుండా ఒక మాట అడగల్ల. పిల్లోడు దేకుతాడంట గదా?”

అమ్మ పకపకా నవ్వింది. “అప్పుడే మీ దాకా వచ్చెనా అన్నా! నేనెందుకు అబద్ధం చెప్పల్ల, దేకుతాడు. చిన్నప్పట్నుంచీ అంతే.”

“చిన్నప్పట్నుంచా?”

“ఊ. పొద్దున ఫ్యాక్టరీ బస్సొచ్చి నిలబడి హారన్ కొడతాంటే, వీడు మంచం కాడ్నుంచి వాకిలి దాకా దేక్కుంటా దేక్కుంటా పోతాడు. డ్రైవరు మంచోడు గాబట్టి సరిపోయింది.”

“మరి మందూ మాకూ ఏమన్నా…”

“దీనికి మందేముందన్నా! పెండ్లయితే అదే సరిపోతాది. వీళ్ళ నాయన గూడా అచ్చం ఇంతే. నేను కాపరానికొచ్చినంక దావకొచ్చినాడు.”

ఈ మాటలన్నీ విన్న నేను ఏం చేశానంటారా? పరువు తీస్తున్నందుకు అమ్మ వైపు గుర్రుగా చూసి, ముద్ద మింగాను. నా బద్ధకం గురించే మాట్లాడుకుంటున్నారని నేనూ అనుకున్నాను! అవతల ఆయన “ఇంత నిజం చెప్పేటోల్లు ఈ కాలంలో ఉండరు తల్లీ” అని ఫోను పెట్టేశాడు. “చూసినావా, నిజం చెప్తే ఎంత మర్యాద చేసినారో!” అని అమ్మ మురిసిపోయింది.

ఆ మురిపెం మర్నాడు జమ్మలమడుగాయన ఫోను చేసేదాకానే నిలిచింది. “అమ్మా, కాళ్ళు రాని పిల్లోన్ని సాకి సదివిచ్చి ఉద్యోగస్తున్ని చేసినావు. నీకు దండం పెట్టల్ల. కానీ మా పిల్లది చిన్న వయసు…” అని ఆయన మొదలుపెట్టగానే అమ్మ లేచి నిలబడింది. “కాళ్ళు రాకపోవడమేందప్పా! ఎవురికి?” వీధి మొత్తం వినపడేలా అరిచింది. నడుస్తాడంది, సైకిలు తొక్కుతాడంది, తిరుపతి కొండ మెట్లెక్కి దిగినాడంది. ఆయన ఓపికగా అంతా విని, “నిన్న మీ నోటితో మీరే చెప్పినారు గదమ్మా. పెండ్లయితే సరిపోతాదని గూడా అన్న్యారంట. ఫోటో గూడా కూచ్చోబెట్టే తీసి పంపినారు” అన్నాడు. ఇక్కడ ఒక్క మాట ఆయన తరఫున చెప్పాలి. ఇరుగుపొరుగు సాక్ష్యం, కన్నతల్లి ఒప్పుకోలు, పైగా ఒక ఛాయాచిత్రం. మూడూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. ఇంత గట్టి ఆధారాలతో ఎదురైతే నేనైనా నాకు కాళ్ళు లేవనే తేల్చి ఉండేవాణ్ణి.

నడుస్తూ వీడియో తీయించుకుని పంపుతానన్నాను. “సంతలో ఎద్దును నడిపిచ్చి చూపిచ్చినట్లనా? మానం ల్యాకపోతే సరి!” అని అమ్మ కొట్టిపారేసింది. నాకూ ఆలోచించే కొద్దీ వీడియో బలహీనమైన సాక్ష్యంగానే తోచింది. ముఖం ఒకరిది, కాళ్ళు ఇంకొకరివి అనరని నమ్మకమేమిటి? మనిషే వెళ్ళాలి, వాళ్ళ కళ్ళ ముందే నడవాలి. అమ్మ పిల్ల తండ్రికి ఫోను చేసి, “కాదంటే కాదనండి, కానీ ఒకసారి కండ్లారా చూసి కాదనండి” అంది. ఆ మర్యాదస్తుడు రావద్దని అనలేకపోయాడు. సంగతి తెలిసిన టైలర్ మామ తలబాదుకుని, “నా మాటతో సెడింది, నా మాటతోనే బాగుసేస్తా అక్కా” అంటూ నాకో కొత్త ప్యాంటు కుట్టి, తానూ బయలుదేరాడు. ప్యాంటుకు తగిన బూట్లు నేను కొన్నాను. నల్లగా నిగనిగలాడుతూ, కాళ్ళున్నాయా లేవా అన్న అనుమానమే రానివ్వని బూట్లు! “నాలుగు దినాలు తొడిగితే అవే వదులైతాయి సార్” అని చెప్పుల అంగడాయన అన్నాడు. ఆ నాలుగు దినాలు నా దగ్గర లేవు.

బస్సు ఎర్రగుంట్ల దాటేదాకా సిమెంటు లారీల వెనక దేకింది. (రెండో అర్థంలో.) పులివెందులలో దిగగానే టైలర్ మామ ఆటో పిలిచాడు. అక్కడే నా చదువు నాకు ఎదురుతిరిగింది. ఆటోలో వాకిట్లో దిగితే ఏమవుతుంది? ‘మోసుకొచ్చి దింపినారు’ అంటారు. అదే బస్టాండు నుంచి నడిచి వెళ్తే, వాళ్ళు మిద్దె మీద నుంచి దూరంగా ఉండగానే చూస్తారు. అనుమానం మొదట్లోనే తెగిపోతుంది. ఈ తర్కంలో నాకు ఒక్క లోపమూ కనపడలేదు. “మీరు ఆటోలో పోండి. నేను నడిచొస్తా” అన్నాను.

“ఈ ఎండలోనా? తలకాయ పనిజేస్తాందా నీకు?” అంది అమ్మ.

“రుజువు కావాల గదమ్మా.”

“రుజువుకు నీళ్ళన్నా తీసకపో” అని సీసా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మొదట్లో నా నడక చూసి నాకే గర్వమేసింది. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్ళ ముందు కాస్త వేగం కూడా పెంచాను, సాక్షులు ఎక్కువుంటే మంచిదని. ఊరు దాటేసరికి ఎడమ మడమ దగ్గర ఏదో గిల్లినట్టయింది. సమతూకం కోసం బరువు కుడికాలి మీదికి మార్చాను. కుడి బూటు కూడా కరవడం మొదలుపెట్టింది. అరటి తోటలు పోయాయి, చీనీ తోటలు వచ్చాయి, ఆ ఇల్లు మాత్రం రాదు! బూట్లు విప్పి చేత పట్టుకుందామంటే తారు కాగుతోంది. పైగా బూట్లు చేత పట్టుకుని వచ్చిన పెండ్లికొడుకును ఏమనుకుంటారు? చివరికి మిద్దె ఇల్లు కనపడింది. మిద్దె మీద, వసారాలో, గేటు దగ్గర బంధువర్గమంతా వరుసగా నిలబడి, అందరూ ఒక్కచోటే చూస్తున్నారు. నా ముఖం వైపు కాదు. నా కాళ్ళ వైపు!

అప్పుడు నేను నడిచిన నడకకు ఇప్పటికీ పేరు దొరకలేదు. కుంటడానికి లేదు, ఎందుకంటే కుంటాలంటే ఒక్క కాలైనా బాగుండాలి. మడమలు ఆనకుండా మునివేళ్ళ మీద, మోకాళ్ళు వంచి, నవ్వు ముఖంతో, నిప్పుల గుండం తొక్కుతూ దానికి ఇష్టపడే వచ్చినట్టు నడిచాను. ఇదంతా చూస్తున్న జమ్మలమడుగాయన, “నేను చెప్పలా!” అని బావ చెవిలో అన్నాడు. మెల్లగానే అన్నాననుకున్నాడు పాపం. సరిగ్గా ఆ క్షణాన, అంతకు ముందే ఆటో దిగిన టైలర్ మామ రెండు చేతులూ పైకెత్తి, ఉత్సాహం పట్టలేక, “దేకండి మామా! అందరూ బాగా దేకండి!” అని కేక వేశాడు. వాళ్ళ ముఖాల్లో రంగు మారింది. తల్లి దేకుతుంది, కొడుకు దేకుతాడు, ఇప్పుడు వీళ్ళందర్నీ కూడా దేకమంటున్నారు!

నేను బూట్లు గుమ్మం బయట విప్పి వసారాలోకి వచ్చాను. అక్కడ చాప మీద పిల్ల అవ్వ కూర్చుని ఉంది. మోకాళ్ళు పనిచేయడం మానేశాక ఆమె నిజంగానే దేకుతూ ఇల్లంతా తిరుగుతుందని తర్వాత తెలిసింది. నన్ను చూడగానే ఆమె ముఖం వికసించింది. “రాప్పా, రా. నువ్వూ నా మాదిరేనంట గదా. రా, నా పక్కన కూచ్చో” అని చాప తట్టింది. నేను కూర్చున్నాను. ఆ నాటికి నన్ను మనస్ఫూర్తిగా రమ్మన్నది ఆమె ఒక్కతే. కానీ ఆమె కొంతసేపు నా పాదాల వైపు చూసి పెదవి విరిచింది. “ఏమిరా, ఈ పిల్లోడు దేకేటోడు కాదు. కుంటేటోడు. దేకేదంటే ఇదీ” అని చేతులు ఆనించి అటు జరిగి ఇటు వచ్చి చూపించింది.

“రెండు కాళ్ళూ ఒక్కతీరుగా కుంటుతాయామ్మా యాడన్నా?” అన్నాడు ఆమె కొడుకు, పిల్ల తండ్రి.

“అయితే ఈడ్సేటోడు.”

“ఈడిస్తే దావలో గీత పడల్ల గదా. నేను చూసినా, గీత ల్యా.”

నేను ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ తప్పు నిర్వచనం చెవిన పడితే ఊరుకోవడం నాకు చేతకాదు. “కుంటడమంటే రెండు కాళ్ళ నడకలో తేడా ఉండాలండీ. నా నడకలో తేడా లేదు కాబట్టి అది కుంటడం కిందికి రాదు” అని వివరించాను. ఆ మాటతో సగం మంది నా కాళ్ళు వదిలి నా తల వైపు అనుమానంగా చూడసాగారు. అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తండ్రి గొంతు సవరించుకున్నాడు. ‘మేం ఆలోచించి చెప్తాం’ అన్న మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చినట్టు నాకు స్పష్టంగా కనపడింది. అంత దూరం నడిచి, నా సంబంధాన్ని నేనే పోగొట్టుకున్నాను!

అప్పుడే లోపలి గుమ్మం దగ్గర నీళ్ళ చెంబుతో ఒకమ్మాయి ఆగింది. కనుబొమలు ముడిచి ఉన్నాయి; కాబట్టి ఎవరన్నది తేల్చుకోవడానికి ఇంకో ఆధారం అవసరం లేకపోయింది. చూపు మాత్రం నా మడమల మీద ఉంది. రెండు వైపులా తోలు లేచి, తెల్లని మేజోళ్ళ మీద ఎర్రగా మరకలు కట్టాయి.

“నాయనా, దేకేటోల్ల మడమల తోలెందుకు లేస్తాది?” అంది.

తండ్రి వంగి నా మడమల వైపు చూశాడు.

“బూట్లు కొత్తవి. కరిసినాయి. బూటు కరవాలంటే నడవల్ల గదా! దేకేటోల్లను యాడన్నా బూటు కరుస్తాదా?”

నేను సైన్సు చదివాను. ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. నా మడమల మీద నేనే మోసుకొచ్చిన రుజువు నాకు తట్టలేదు. ఒక్క చూపులో ఆమెకు తట్టింది! అవ్వ ముందు నవ్వింది, ఆ తర్వాత అందరూ నవ్వారు. జమ్మలమడుగాయన మాత్రం వదలకుండా టైలర్ మామ మీదికి తిరిగాడు. “మరి నువ్వు దేకుతాండాడు అంటివే!”

“అన్న్యా మామా. దేకుతాండాడనే అన్న్యా. ఇప్పుడు గూడా దేకుతాండాడు. సూడు, పిల్లనే ఎట్ల దేకుతాండాడో!”

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను నిజంగానే, నోరు కూడా కొంచెం తెరుచుకుని, ఆ అమ్మాయినే చూస్తున్నాను. ఉర్దూ మాట అప్పటికి వాళ్ళకు అర్థమైంది. అర్థం చెప్పడానికి ఉదాహరణ ఎదురుగానే ఉంది. అమ్మ ఇక ఆగలేక తన ‘దేకు’ ఏ దేకో వివరించి, నా బద్ధకం పుట్టుపూర్వోత్తరాలు అందరి ముందూ పరిచింది. ఆ రోజు మళ్ళీ ఆలోచించి చెప్తామని ఎవరూ అనలేదు. చీనీ పండ్ల రసం ఇచ్చారు. అవ్వ నా మడమలకు ఆముదంలో పసుపు రంగరించి పూయించింది. తిరుగు ప్రయాణంలో బస్టాండు దాకా పిల్ల తండ్రి చెప్పులు తొడుక్కుని, ఆటోలో వచ్చాను.

ఒక ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. పెండ్లయిన కొన్నాళ్ళకు, ఆమె చేసిన ఆ వాదనను తీరిక వేళ ఒకసారి పరీక్షకు పెట్టాను (నా స్వభావం అంతే). అందులో ఒక పెద్ద చిల్లు ఉంది. బూటు కరిచిందంటే ఆ మనిషి ఆ రోజు నడిచాడని మాత్రమే తేలుతుంది. బాగా నడవగలడని తేలదు. కాలు సరిగా లేనివాణ్ణి కూడా బూటు కరుస్తుంది, బహుశా ఇంకా ఎక్కువే కరుస్తుంది. ఆమె తొందరపడి మాట్లాడే మనిషి కాదు. మరి ఆ చిల్లు ఆమెకు ఆ రోజే కనపడిందా? కనపడీ అందరి ముందూ ఆ మాట అన్నదంటే, అది రుజువు కాదు, వేరే ఏదో. ఈ సంగతికి సాక్షి ఆమె ఒక్కతే. ఆ సాక్షే కక్షిదారు కూడా. అడిగితే ఒక పొద్దు, “అంత ఎండలో నడిసొచ్చినోన్ని ఎట్ల పంపిస్తారు?” అంటుంది. ఇంకో పొద్దు, “అప్పుడు నీ మొగం సూసింటే నువ్వు గూడా అట్లనే అనుంటివి” అంటుంది. గట్టిగా నిలదీస్తే, “కాపీ సల్లారిపోతాంది, తాగు” అంటుంది. మూడు జవాబులూ పొసగవు. నాలుగోసారి అడిగి తేల్చుకోవచ్చు. కానీ అన్నిటినీ పరీక్షించి చూసే నేను, ఈ ఒక్కదాన్ని తేల్చుకోకుండా అట్టే పెట్టుకున్నాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు లింగాల దారిన పోతుంటే ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. నడినెత్తిన ఎండ, కొత్త ప్యాంటు, నిగనిగలాడే బూట్లు. లోకానికి తాను రుజువు చేయబోయేది తన నడక ఒక్కటేననుకుంటూ వడివడిగా పోతున్నాడు. బండి ఆపి, ఎక్కవయ్యా, దింపేస్తాను అని చెప్పాలనిపిస్తుంది. అంతలోనే, వద్దులే, నడవనీ అనిపిస్తుంది.